సముద్రానికీ ‘ఎ’ సర్టిఫికెట్టు!

‘పెద్దలకు మాత్రమే’ అన్న రెండు మాటలు కనబడితే చాలు, మన కుర్రకారు నడక నెమ్మదిస్తుంది. పోస్టరు మూల ఆ ‘ఎ’ అక్షరం ఉందంటే మార్నింగ్ షో కూడా హౌస్‌ఫుల్లే! తీరా లోపలికెళ్లి కూర్చున్నాక మూడు హత్యలు, ఓ పోలీసు స్టేషను సీను తప్ప మరేమీ ఉండదు. బయటికొచ్చి ‘మోసం, మోసం’ అంటారు. మోసం ఎక్కడుందండీ? లోపలికి ఎవరు రాకూడదో ఆ అక్షరం చెప్పింది. లోపల ఏముందో చెప్తానని అది ఎప్పుడన్నా మాటిచ్చిందా?

ఈ వారం ఈ గొడవ ఎందుకంటే, ఆ బోర్డు ఇప్పుడు సముద్రపు ఒడ్డుకి కూడా ఎక్కింది. మనవైపు కాదులెండి. అమెరికాకి ఆగ్నేయాన బహామా దీవులున్నాయే, అక్కడ. మయామీ నుంచీ, పోర్ట్ కెనావరల్ నుంచీ బయల్దేరే విహారనౌకలు అక్కడ ఆగుతాయి. ఆగిన చోట కొన్ని తీరాల్లో పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి ప్రవేశం లేదు. ‘ఓహో’ అని కనుబొమలెగరేయకండి. లోపల అందరూ ఈతదుస్తులతోనే ఉంటారు. పక్కనున్న ఫ్యామిలీ బీచిలో ఏముంటుందో ఇక్కడా అదే: ఇసుక, గొడుగు, పడక కుర్చీ, ఉప్పునీళ్లు. లేనిదల్లా చిన్నపిల్లల ఏడుపులు, ఇసుక బకెట్లు, ‘అమ్మా వీడు నా మీద నీళ్లు పోశాడూ’ అనే ఫిర్యాదులు.

విహారనౌక అంటే కోటీశ్వరుల వ్యవహారమనుకునే రోజులు పోయాయి. 2022లో మన విశాఖపట్నం రేవుకి ‘ఎంప్రెస్’ అనే ఓడ వచ్చింది గుర్తుందా? కార్డీలియా కంపెనీ వాళ్లది. పుదుచ్చేరి, చెన్నై వైపు తిప్పారు. జనం బీచి రోడ్డు మీద నుంచుని మరీ చూశారు. ఆ ఓడ పూర్వాశ్రమం ఏమిటో తెలుసా? 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’ అన్న పేరుతో రాయల్ కరీబియన్ కంపెనీ దాన్ని నీళ్లలోకి దింపింది. మయామీ నుంచి బహామాకి మూడు రాత్రులు, నాలుగు రాత్రులు తిప్పే చిన్న ట్రిప్పుల కోసమే దాన్ని కట్టించారు. నేనిప్పుడు చెప్పబోయే కథంతా నడిచేది ఆ దారిలోనే.

ఆ దారిలో కంపెనీలు చేసిన తెలివైన పని ఒకటుంది. ఊరి రేవులో ఓడ ఆపితే దిగినవాళ్లు ఊళ్లో డబ్బు ఖర్చుపెడతారు. అదే దీవి మనదే అయితే? 1977లో నార్వేజియన్ కంపెనీవారు గ్రేట్ స్టిరప్ అనే చిన్న దీవితో ఈ వ్యాపారానికి కొబ్బరికాయ కొట్టారు. తర్వాత ఒకరిని చూసి ఒకరు తలో దీవీ చేతిలో పెట్టుకున్నారు. ఓడ పొద్దున ఎనిమిదీ తొమ్మిది మధ్య ఆగుతుంది. సాయంత్రం అయిదు గంటలకల్లా మళ్లీ కదులుతుంది. అంటే మీ చేతిలో ఉండేది ఏడెనిమిది గంటలు. ఎంత ఖర్చుపెట్టినా ఆ గంటల్లోనే వసూలు చేసుకోవాలి. దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. పదింటికి నిద్రలేచి, పన్నెండింటికి దిగేవాళ్లకి ఏ టిక్కెట్టూ గిట్టదు.

ఈ విషయం మీద నా కళ్లు తెరిపించినవాడు మా మేనల్లుడు. అట్లాంటాలో ఉద్యోగం. ఓ అర్ధరాత్రి (వాడికి మధ్యాహ్నం) ఫోను చేసి, “మావయ్యా, సినిమావాళ్లతో దేశాలు తిరిగావు కదా, నూట నలభై ఎనిమిది డాలర్లు పెట్టి బీచికెళ్లొచ్చా?” అన్నాడు. అంటే మన లెక్కలో రమారమి పదమూడు వేల రూపాయలు. ఇద్దరికి, ఒక్క పూటకి! “ఒరేయ్, భీమిలి వెళ్తే ఊరికే కదరా” అన్నాను. వాడు నవ్వలేదు. పెళ్లయి అయిదేళ్లయిందిట. మూడేళ్ల పాప ఉంది. మా అక్కయ్యా బావగారూ ఇండియా నుంచి వచ్చి వాళ్లతో ఉన్నారు. అయిదుగురూ కలిసి ఓడెక్కుతున్నారు. “పాప పుట్టినప్పటినుంచీ ‘అమ్మా’ అని ఎవరూ పిలవకుండా రెండు గంటలు కూర్చోవడం ఎలా ఉంటుందో మరిచిపోయానంటోంది మావయ్యా” అన్నాడు. భార్య గురించి. ఇక నేను వేళాకోళం మానేసి కాగితం, కలం తీసుకున్నాను.

ముందు డిస్నీవారి దీవి సంగతి చెప్పుకుందాం, ఎందుకంటే అందులో సినిమా ఉంది!

దాని అసలు పేరు గోర్డా కే. ఇప్పటి పేరు ‘కాస్ట్‌అవే కీ’. స్పెల్లింగు ఒకటే అయినా ఒకచోట ‘కే’ అంటారు, ఒకచోట ‘కీ’ అంటారు. మన గోదావరి లంకల్లాంటి చిన్న ఇసుక లంక అని అర్థం. ఒకప్పుడు ఆ లంక మీదున్న రన్‌వే మీద మత్తుమందుల దొంగరవాణా విమానాలు దిగేవి. అక్కడే 1984లో వచ్చిన ‘స్ప్లాష్’ చిత్రంలో కొంత భాగం తీశారు. ఒడ్డున పడి ఉన్న టామ్ హాంక్స్‌కి మత్స్యకన్యగా డారిల్ హన్నా కనబడే ఆ తీరం అదే. అసలు విశేషం ఏమిటంటే, ఆ చిత్రం డిస్నీవారిదే. కానీ డిస్నీ పేరు మీద రాలేదు! డిస్నీ అంటే పిల్లల సినిమా అని జనం మనసులో ముద్రపడిపోయింది కదా. పెద్దలు కూడా చూసే కథలు తీయాలంటే వేరే బ్యానరు కావాలని ‘టచ్‌స్టోన్’ పెట్టారు. దాని మొదటి చిత్రం ‘స్ప్లాష్’. 1998లో వాళ్ల ఓడలు ఆ లంకకి రావడం మొదలైనప్పుడు ఇక్కడా అదే పద్ధతి. ఒక తీరం పిల్లాపాపలకి. దూరంగా ‘సెరెనిటీ బే’ అని మరో తీరం, పద్దెనిమిది దాటినవాళ్లకి. అంటే బీచికి కూడా వేరే బ్యానరు పెట్టారన్నమాట!

ఈ సెరెనిటీ బేకి ప్రవేశ రుసుము లేదు. ఓడ దిగి ట్రామ్ బండెక్కి, మధ్యలో ఇంకో బండి మారి, ఆ పాత రన్‌వే మీదుగా వెళ్లొచ్చు. కుర్చీ, గొడుగు ఊరికే. మధ్యాహ్నం బొగ్గుల మీద కాల్చిన వంటకాలతో భోజనం ఊరికే. మందుకి డబ్బులు, మసాజుకి డబ్బులు, కబానాకి బాగా డబ్బులు. కబానా అంటే పందిరీ, సోఫా, చిన్న ఫ్రిజ్జూ ఉన్న గదిలాంటిది. వందల డాలర్లలో ఉంటుంది. ఓడలో ఖరీదైన గదులు తీసుకున్నవాళ్లు, పాత ప్రయాణికులు ముందే బుక్ చేసేస్తారు కాబట్టి కొత్తవాళ్లకి దొరకడం కష్టం. దొరకలేదని బెంగక్కర్లేదు. గొడుగు నీడా నీడే. మూడేళ్లు దాటిన పిల్లలకైతే అదే లంక మీద కంపెనీవారి ఆటల కేంద్రం ఉంది, దానికీ విడిగా రుసుము లేదు. పైగా ఇక్కడ నిశ్శబ్దం నిజంగానే ఉంటుంది. పాటల హోరు తక్కువ. పుస్తకం చదువుకునేవాళ్లు చదువుకుంటారు, నిద్రపోయేవాళ్లు నిద్రపోతారు.

2024 జూన్‌లో డిస్నీవారు ఎల్యూథెరా దీవి చివర ‘లుక్అవుట్ కీ’ అని రెండో మజిలీ తెరిచారు. అక్కడా పెద్దల తీరం ఉంది, అదీ ఊరికే.

ఊరికే అన్నానని ఎగిరి గంతెయ్యకండి. డిస్నీ ఓడ టిక్కెట్టే మిగతా కంపెనీలకన్నా బాగా ఎక్కువ. గేటు దగ్గర అడగలేదంటే ఓడెక్కకముందే వసూలు చేసుకున్నారని అర్థం! ‘పార్కింగు ఉచితం’ అని రాసి టిక్కెట్టులో కలిపే థియేటర్లని మనం చూడలేదా?

ఇక మా మేనల్లుడు అప్పటికే బుక్ చేసుకున్నది రాయల్ కరీబియన్ ఓడ. అది ఆగే లంక కోకో కే. అక్కడ 2024 జనవరిలో ‘హైడ్‌అవే బీచ్’ తెరిచారు. ఇది కూడా పద్దెనిమిది నిండినవాళ్లకే. అయితే దీనికి టిక్కెట్టు ఉంది. ఆ టిక్కెట్టుకి నిలకడైన ధర లేదు! ఓడని బట్టి, తేదీని బట్టి, గిరాకీని బట్టి ఒక్కో మనిషికి 50 డాలర్ల లోపు నుంచి 100 దాటేదాకా చూడొచ్చు. శుక్రవారం రిలీజు, ఆదివారం ఫస్ట్ షో రేటు వేరు, బుధవారం మ్యాట్నీ రేటు వేరన్నట్టు. మనవాళ్లు దీన్నే ‘బ్లాకు’ అనేవారు. ఇప్పుడు కంపెనీయే కౌంటర్లో కూర్చుని అమ్ముతోంది కాబట్టి పోలీసులు పట్టుకోరు!

ఆ డబ్బుకి ఏమొస్తుందంటే: చేతికి ఓ పట్టీ, పడక కుర్చీ, సొంత తీరం, ఈతకొలను, నీళ్లలో నుంచునే తాగేట్టు కట్టిన బారు, పిజ్జా కొట్టు. తిండికి విడిగా డబ్బులక్కర్లేదు. కానీ ఆ లంక మీద మామూలు తీరాల్లో దొరికే భోజనానికీ డబ్బులక్కర్లేదు, కాబట్టి దాన్ని లాభంలో రాసుకోకండి. మందు పాసులో కలవదు. ఓడలో పానీయాల ప్యాకేజీ తీసుకుని ఉంటే అది ఇక్కడా చెల్లుతుంది, లేకపోతే గ్లాసుకింత, దానిమీద 18 శాతం టిప్పు.

అసలు మాట ఇంకా చెప్పలేదు. హైడ్‌అవేలో డీజే ఉన్నాడు! మధ్యాహ్నానికల్లా సంగీతం హోరెత్తిపోతుంది. కొలనులో జనం చేతులెత్తి ఊగుతుంటారు. శతదినోత్సవ సభలో పాటలైనా ఆపి మాట్లాడతారుగానీ ఇక్కడ ఆపరు. బోర్డు రెండుచోట్లా ఒకటే. అక్కడ సెరెనిటీ బేలో పిల్లల్ని బయట పెట్టింది నిశ్శబ్దం కోసం. ఇక్కడ బయట పెట్టింది గోల చెయ్యడం కోసం! ఒకటి కావాలనుకుని రెండోదానికి టిక్కెట్టు తీసుకుంటే అది ఏ కంపెనీ తప్పూ కాదు. మనం అక్షరం చదివాం, కథ చదవలేదు.

“ఆవిడకి కావలసింది పార్టీనా, ప్రశాంతతా?” అని అడిగాను మావాణ్ణి. వాడు ఓ నిమిషం ఆలోచించి, “అడగలేదు మావయ్యా” అన్నాడు. చూశారా! నూట నలభై ఎనిమిది డాలర్ల గురించి ఇండియాకి ఫోను చేశాడుగానీ, వంటింట్లో ఉన్న మనిషిని అడగలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కార్నివాల్ కంపెనీ 2025 జులైలో గ్రాండ్ బహామా దీవిలో ‘సెలబ్రేషన్ కీ’ తెరిచింది. అందులో ‘పెర్ల్ కోవ్’ అనే భాగం పద్దెనిమిది దాటినవాళ్లకి, టిక్కెట్టుతో. మిగతా మడుగులూ ఇసుకా అందరికీ ఊరికే. వర్జిన్ వాళ్లదయితే ఇంకో దారి. వాళ్ల ఓడ మొత్తానికే ‘ఎ’ సర్టిఫికెట్టు! పద్దెనిమిది నిండనివాళ్లని ఓడే ఎక్కించుకోరు. బిమినీ దీవిలో వాళ్ల బీచ్ క్లబ్బుకి విడిగా టిక్కెట్టు లేదు, భోజనం కూడా ఓడ ఛార్జీలోనే. పిల్లలు లేని జంటలకి, స్నేహితుల బృందాలకి ఇది లెక్కకి బాగుంటుంది. మావాడి లాంటి సంసారికి పనికిరాదు. కంపెనీల సొంత లంకలు కాకుండా నసావు లాంటి ఊళ్లో ఓడ ఆగితే, పెద్దల హోటళ్లలో కొన్ని ఒకరోజు పాసులమ్ముతాయి. శాండల్స్ వాళ్లది జంటలకే. తిండీ తాగుడూ అందులోనే కలుస్తాయిగానీ ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. పైగా టాక్సీ ఖర్చు మీది, వేళకి తిరిగి రావలసిన బాధ్యత మీది. ఓడ మీకోసం ఆగదు. ఆలస్యంగా వచ్చే హీరో కోసం షూటింగు ఆగుతుంది కదా అనుకునేరు!

వయసు గురించి ఓ మెలిక ఉంది. కుర్ర పాఠకులు శ్రద్ధగా వినండి. పద్దెనిమిదికి తీరంలోకి రానిస్తారు. కానీ అమెరికా రేవుల నుంచి బయల్దేరే ఈ ఓడల్లో మందు అమ్మేది ఇరవై ఒకటి నిండినవాళ్లకే. పంతొమ్మిదేళ్లవాడు బారు పక్కన కూర్చుని నిమ్మరసం తాగాల్సిందే. పానీయాల ప్యాకేజీ లెక్కేసుకుని ‘పెద్దల బీచి గిట్టుబాటే’ అనుకునేవాళ్లలో ఈ వయసువాళ్లుంటే ఆ లెక్క తప్పుతుంది. ఇండియా పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. బహామా వెళ్లి మళ్లీ అమెరికాలో దిగాలి కాబట్టి, అమెరికా వీసా ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశించేదై ఉండాలి. మా బావగారి వీసా ముందు అదే చూడమన్నాను.

డబ్బు మిగిల్చే కిటుకులు రెండు మూడున్నాయి. రాయల్ కరీబియన్‌లో పాసు ముందే కొనుక్కుని, తర్వాత ధర తగ్గితే ప్రయాణానికి ముందు పాతది రద్దుచేసి కొత్తది తీసుకోవచ్చు. కాబట్టి చివరిదాకా ఆగడం కన్నా ముందు కొని కనిపెట్టుకుని ఉండటం మేలు. గాలి ఎక్కువై ఓడ లంక దగ్గర ఆగలేకపోవడం జరుగుతూ ఉంటుంది. కంపెనీ దగ్గర కొన్న పాసైతే ఆ డబ్బు వెనక్కొస్తుంది. బయటివాళ్ల దగ్గర కొంటే షరతులు చదవాలి. అన్నిటికన్నా చవకైన పెద్దల బీచి ఎక్కడుందో చెప్పనా? బడులు తెరిచి ఉన్న రోజుల్లో! జనవరి చివరా, సెప్టెంబరులోనూ ఓడలో పిల్లలే తక్కువ, ఛార్జీలూ తక్కువ. సెప్టెంబరు తుపాన్ల కాలమన్న సంగతి మరిచిపోకూడదు మరి. లేదా కాళ్లకి పని చెప్పండి. ఓడ దిగిన జనం మొదట కనబడిన కుర్చీలో కూలబడతారు. పిల్లల నీళ్ల ఆటలు, ఐస్‌క్రీము కొట్టు ఎక్కడుంటే సంసారాలన్నీ అక్కడే. ఇంకో పది నిమిషాలు నడిస్తే ఇసుక ఖాళీ, రుసుము లేదు.

నాకు ఈ ఏర్పాటు మీద కోపం లేదుగానీ అనుమానం మాత్రం ఉంది. మా చిన్నప్పుడు హాల్లో నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ ఉండేవి. నేల టిక్కెట్టువాడికి తెర దగ్గర, మెడనొప్పి కూడా దగ్గరే. అయినా నేల జాగా పెద్దది! ఈలలన్నీ అక్కణ్నుంచే. తర్వాత నేల మీద బెంచీలొచ్చాయి, బెంచీల చోట కుర్చీలొచ్చాయి, నేల మాయమైంది. ఈ లంకల మీద కూడా ఏటికేడాది పాసుల తీరం పెరుగుతోంది. లంక పెరగదు కదా! 2023 జులైలో మన రుషికొండ బీచికి ఇరవై రూపాయల టిక్కెట్టు పెడతామంటే ఎంత గోల జరిగింది? చివరికి వెనక్కి తీసుకున్నారు. అక్కడ గోల చేసేవాళ్లెవరూ లేరు. టిక్కెట్టు అయిపోతుందేమోనని తొందరపడేవాళ్లే ఉన్నారు.

సరే, మావాడి సంగతి. భార్యనడిగాడు. ఆవిడ “పార్టీ అయినా సరే, ఎవరూ పిలవకపోతే చాలు” అందట. రెండు పాసులు కొన్నాడు. ధర తగ్గినప్పుడు మార్చి, 148 చోట 122 పెట్టాడు. పాపని మా అక్కయ్యా బావగారూ చూసుకునేట్టు ఒప్పందం. తీరా లంక చేరాక పాప నాన్నని వదిలితే కదా! మెడకి చుట్టుకుని ఒకటే ఏడుపు. పాసు ఇంకొకరి పేరుకి మార్చుకోవడానికి కౌంటర్లో ఓ అరగంట పోయింది. చివరికి లోపలికి వెళ్లింది కోడలూ, అత్తగారూ! చీర కట్టుకునే, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని. మా అక్కయ్య ఆ డీజే మోతలో కుర్చీ మీద వాలి రెండు గంటలు కదలకుండా నిద్రపోయిందట. కోడలు కొలను గట్టు మీద కాళ్లు నీళ్లలో పెట్టుకుని, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా అదే రెండు గంటలు కూర్చుందట. ఇంకో గంట కూడా ఉండొచ్చుగానీ తనే లేచి వచ్చేసిందట. ఎందుకొచ్చేశావని అడిగితే, “అత్తయ్యగారికి ఆకలేస్తోందంటేనూ” అందట.

బావగారు మాత్రం ఇప్పటికీ ఒకటే అడుగుతున్నారు, ఆ పెద్దల బీచిలో ఏముందే అని. అక్కయ్య చెప్పడం లేదు.